తలా ఒకరు తవ్విన స్టేషన్: లండన్ బ్యాంక్ కూడలి చరిత్ర

సభకు నమస్కారం.

లండన్‌లో ‘సిటీ’ అని పిలిచే పాత వర్తక ప్రాంతం నడిబొడ్డున ఒక కూడలి ఉంది. ఒక పక్క బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రహరీ, మరో పక్క రాయల్ ఎక్స్ఛేంజ్ స్తంభాలు, వాటికి ఎదురుగా లార్డ్ మేయర్ నివాసమైన మాన్షన్ హౌస్. థ్రెడ్‌నీడిల్ వీధి, కార్న్‌హిల్, లొంబార్డ్ వీధి, కింగ్ విలియం వీధి, క్వీన్ విక్టోరియా వీధి, పౌల్ట్రీ, ప్రిన్సెస్ వీధి అన్నీ అక్కడికే వచ్చి కలుస్తాయి. ఆ కూడలిలో నిలబడి చుట్టూ ఎంత వెదికినా రైల్వే స్టేషన్ అనదగ్గ భవనం మాత్రం కనిపించదు. కాలిబాట మీద కిందికి దిగే మెట్లు కనిపిస్తాయి, వాటి మీద ‘బ్యాంక్’ అన్న పేరు కనిపిస్తుంది, అంతే. ఆ మెట్లు దిగితే సెంట్రల్, నార్తర్న్, వాటర్లూ అండ్ సిటీ, డాక్‌లాండ్స్ తేలికరైలు మార్గాలకూ, లోలోపలే నడుచుకుంటూ పోతే మాన్యుమెంట్ దగ్గర సర్కిల్, డిస్ట్రిక్ట్ మార్గాలకూ చేరుకోవచ్చు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఈ స్టేషన్ గురించి.

అక్కడ రైలు మారినవారు ఎవరైనా చెప్పే మాట ఒకటే: దారులు మెలికలు తిరుగుతాయి, ఎక్కి దిగి మళ్ళీ ఎక్కాలి, ఒక మార్గం నుంచి మరో మార్గానికి ఇంత దూరం ఎందుకో అర్థం కాదు. ఆ మెలికలను తప్పుపట్టే ముందు చదివి చూడాలని నా మనవి. ప్రతి మలుపు వెనుకా ఒక చట్టమో, ఒక స్థలం ధరో, రెండు కంపెనీల పోటీయో ఉంది. దీన్ని ఒక స్టేషన్‌గా ఊహించి గీసిన పటం మొదట్లో ఎవరి దగ్గరా లేదు. 1884 నుంచి 1991 వరకు వేరువేరు సంస్థలు తమ తమ అవసరానికి వచ్చి, తమ తమ గొయ్యి తవ్వుకున్నాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే పని 2023 దాకా సాగింది.

మొదటి గొయ్యి మాన్యుమెంట్ దగ్గర పడింది. ప్రపంచంలోనే మొదటి భూగర్భ రైలును 1863 జనవరిలో పాడింగ్టన్, ఫారింగ్డన్ మధ్య నడిపిన మెట్రోపాలిటన్ కంపెనీ, ఆ తర్వాత వచ్చిన డిస్ట్రిక్ట్ కంపెనీ కలిసి నగరం చుట్టూ ఒక వలయం పూర్తిచేయాలన్నది పార్లమెంటు ఉద్దేశం. మెట్రోపాలిటన్ అధిపతి ఎడ్వర్డ్ వాట్కిన్‌కూ డిస్ట్రిక్ట్ అధిపతి జేమ్స్ స్టాట్స్ ఫోర్బ్స్‌కూ మధ్య పడేది కాదు. ఆ పంతాల వల్ల వలయం పూర్తికావడానికి ఇరవై ఏళ్ళు దాటింది. చివరి ముక్క 1884 అక్టోబరు 6న తెరిచారు, అందులో ఈస్ట్‌చీప్ అనే స్టేషన్ ఒకటి. నెల తిరక్కుండానే, 1666 నాటి మహా అగ్నిప్రమాదానికి గుర్తుగా పక్కనే నిలిచిన స్తంభం పేరు మీదుగా దానికి ‘ది మాన్యుమెంట్’ అని పేరు మార్చారు. అది వీధిని తెరిచి, కందకం తవ్వి, పైన కప్పు వేసి మళ్ళీ వీధి పరిచిన మార్గం కాబట్టి నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. ఆ రోజుల్లో దానిలో నడిచినవి పొగబండ్లు. అక్కడికి కొన్ని వందల గజాల దూరంలో ఉన్న బ్యాంక్ కూడలితో దానికి ఏ సంబంధమూ లేదు.

నేలను పైనుంచి తెరవకుండా లోతుగా సొరంగం తొలిచే పద్ధతి వచ్చాకే బ్యాంక్ కూడలి కిందికి రైలు రావడం సాధ్యమైంది. ఈ పద్ధతికి రూపమిచ్చినవాడు జేమ్స్ హెన్రీ గ్రేట్‌హెడ్. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఇంజనీరు. ఆయన వాడిన కవచం ఒక పెద్ద ఉక్కు గొట్టం లాంటిది. దాని ముందు భాగంలో కూలీలు నిలబడి లండన్ బంకమన్నును తవ్వుతారు, కొద్దిగా తవ్వగానే నీటి ఒత్తిడితో పనిచేసే జాకీలు కవచాన్ని ముందుకు నెడతాయి, వెనక ఖాళీ అయిన చోట పోత ఇనుప ముక్కలను బోల్టులతో బిగించి వలయంగా కూరుస్తారు, ఆ వలయానికీ మట్టికీ మధ్య మిగిలిన సందులోకి గాలి ఒత్తిడితో సున్నపు గార ఎక్కిస్తారు. ఇలా వలయం పక్కన వలయం. పైన వీధిలో బండ్లు తిరుగుతూనే ఉంటాయి, భవనాలు నిలిచే ఉంటాయి.

ఈ పద్ధతిలో తవ్విన సిటీ అండ్ సౌత్ లండన్ రైల్వే 1890 డిసెంబరులో స్టాక్‌వెల్ నుంచి థేమ్స్ నది కిందుగా సిటీ వరకు ప్రయాణికులకు తెరుచుకుంది. లోతైన సొరంగంలో విద్యుత్తుతో నడిచిన తొలి రైలు అదే. కానీ దాని చివరి స్టేషన్ బ్యాంక్ కాదు, మాన్యుమెంట్ దగ్గరి కింగ్ విలియం స్ట్రీట్. ఆ స్టేషన్ ఎందుకు విఫలమైందో చెబితే తర్వాతి చరిత్రంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అప్పటి చట్టం ప్రకారం ఎవరి భవనం కిందుగానైనా సొరంగం పోవాలంటే ఆ యజమానితో ఒప్పందం చేసుకోవాలి, డబ్బు చెల్లించాలి. ప్రజల వీధి కింద పోతే ఆ బాధ లేదు. అందుకే సొరంగాలు వీధులను పట్టుకుని పోయేవి, వీధి వంగితే తామూ వంగేవి. నది దాటి సిటీలోకి వచ్చే చోట వీధి మరీ ఇరుకు కావడంతో రెండు సొరంగాలను పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి వేయాల్సి వచ్చింది. ఆ పైన బిగువైన మలుపు, నది అడుగు నుంచి పైకి ఎక్కే నిటారు వాలు. ఈ వాలును ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది: రైళ్ళను ఇనుప తాడు లాగుతుందన్న ఆలోచనతో మార్గాన్ని గీశారు. తాడు సరఫరా చేయాల్సిన కంపెనీ 1888లో దివాలా తీయడంతో విద్యుత్తు ఇంజన్లకు మారారు. తాడుకు లెక్కలోకి రాని వాలు ఆ చిన్న ఇంజన్లకు పెనుభారమైంది. జనంతో నిండిన రైలు కొన్నిసార్లు పైకి ఎక్కలేక వెనక్కి జారి, మళ్ళీ ఊపందుకుని ప్రయత్నించాల్సి వచ్చేది. నిండా పదేళ్ళు కూడా కాకముందే, 1900 ఫిబ్రవరిలో ఆ స్టేషన్‌ను మూసేశారు. నది కిందుగా కొత్త సొరంగాలు తవ్వి, మార్గాన్ని లండన్ బ్రిడ్జి స్టేషన్ మీదుగా బ్యాంక్ కూడలికీ, అక్కడి నుంచి మూర్‌గేట్‌కూ పొడిగించారు. వదిలేసిన స్టేషన్ రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల నుంచి తలదాచుకునే చోటుగా మళ్ళీ పనికొచ్చింది.

ఈ లోపే మరో కంపెనీ కూడలి కిందికి వచ్చేసింది. వాటర్లూ స్టేషన్‌లో దిగే ఉద్యోగులను నేరుగా సిటీకి చేర్చడానికి లండన్ అండ్ సౌత్ వెస్టర్న్ రైల్వే అండతో కట్టిన వాటర్లూ అండ్ సిటీ మార్గం 1898 ఆగస్టులో మొదలైంది. మధ్యలో స్టేషన్ లేదు, రెండే రెండు కొసలు. ఈ కొసకు పెట్టిన పేరు ‘సిటీ’. ఆ పేరు 1940 వరకు ఉంది. క్వీన్ విక్టోరియా వీధి కింద ఉన్న ఆ ప్లాట్‌ఫారాల నుంచి కూడలికి చేరాలంటే పొడవైన వాలు సొరంగంలో ఎగువకు నడవాలి. రోజూ ఉదయం వేలమంది ఉద్యోగులు ఆ వాలు ఎక్కి ఆఫీసులకు వెళ్ళేవారు. 1960లో కదిలే నడక బాట వేసేవరకు, అంటే 62 ఏళ్ళపాటు, వారికి ఆ నడక తప్పలేదు.

ఇప్పుడు సిటీ అండ్ సౌత్ లండన్ కొత్త స్టేషన్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించే ఘట్టం ఇదే. కూడలిలో కింగ్ విలియం వీధి, లొంబార్డ్ వీధి కలిసే మూల మీద సెయింట్ మేరీ వూల్‌నాత్ అనే చర్చి ఉంది. నికొలస్ హాక్స్‌మూర్ రూపకల్పన, 1716లో మొదలై 1727లో పూర్తయిన కట్టడం. చదరపు స్తంభాల గుంపులా బరువుగా పైకి లేచే దాని ముఖద్వారం చిన్న స్థలంలో పెద్ద కోటలా కనిపిస్తుంది. రైల్వే కంపెనీ ఆ స్థలాన్ని కోరుకుంది, చర్చిని పడగొట్టే అధికారం కూడా సంపాదించింది. దాని మీద ప్రజల్లో పెద్ద నిరసన లేచింది. చివరికి కుదిరిన రాజీ ఇది: చర్చి జోలికి పోకూడదు, దాని కింది నేలమాళిగను మాత్రం తీసుకోవచ్చు.

నేలమాళిగ అంటే ఖాళీ గది కాదు, తరతరాల సమాధులు. ఆ అస్థికలను తీసి నగరం వెలుపలి శ్మశానానికి తరలించారు. అక్కడ పడుకున్నవారిలో ఒకరు జాన్ న్యూటన్. యౌవనంలో బానిసలను రవాణా చేసే ఓడలకు కెప్టెన్‌గా ఉండి, తర్వాత మతాచార్యుడై, 1780 నుంచి 1807లో చనిపోయేవరకు ఈ చర్చిలోనే సేవచేసి, బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాడు. ఆయన, ఆయన భార్య అస్థికలను 1893లో ఆయన పూర్వం పనిచేసిన ఓల్నీ పట్టణానికి పంపించారు. ఆ తర్వాత ఇంజనీర్లు చర్చి గోడలనూ స్తంభాలనూ ఉక్కు దూలాల మీదికి ఎత్తి నిలబెట్టి, వాటి కిందుగా లిఫ్టు బావులు తవ్వారు. పైన కట్టడం చెక్కు చెదరలేదు. సమాధులున్న చోట టికెట్ల కిటికీ వచ్చింది. హాక్స్‌మూర్ కట్టిన కట్టడాన్ని కూలకుండా కాపాడినవారు రైల్వేకు ఒక పరిమితి గీశారు, ఆ పరిమితిలోనే ఆ ఇంజనీర్లు తమ నేర్పంతా చూపించారు. రెండు పక్షాలకూ నేను రుణపడి ఉన్నాననిపిస్తుంది.

అదే 1900లో, జూలై 30న, సెంట్రల్ లండన్ రైల్వే షెపర్డ్స్ బుష్ నుంచి బ్యాంక్ వరకు ప్రజలకు తెరుచుకుంది. ఎక్కడి నుంచి ఎక్కడికైనా రెండు పెన్నీలే కావడంతో పత్రికలు దాన్ని ‘రెండు పెన్నీల గొట్టం’ అని పిలిచాయి. కూడలిలో నేల మీద స్టేషన్ కట్టడానికి చోటూ లేదు, అనుమతీ లేదు. అందుకని టికెట్ హాలునే వీధి కింద తవ్వారు. ఆ వీధి కింద అప్పటికే గ్యాసు గొట్టాలు, నీటి గొట్టాలు, తీగలు, మురుగు కాలువలు అల్లుకుపోయి ఉన్నాయి. ముందు వాటన్నిటినీ ఒక ప్రత్యేక సొరంగంలోకి మళ్ళించి, ఆ తర్వాత హాలు కట్టి, కూడలి నలుమూలలకూ మెట్ల దారులు వేశారు. ఈనాటికీ కూడలిలో భవనం కనిపించకపోవడానికి కారణం ఇదే. రైలు ఎక్కనివారు కూడా ఆ దారులను వీధి దాటడానికి వాడుకోవచ్చు.

సెంట్రల్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే వీధుల చట్టం ఏం చేసిందో కళ్ళకు కడుతుంది. ప్లాట్‌ఫారం ఎంత వంపు తిరిగి ఉంటుందంటే ఈ కొసన నిలబడినవారికి ఆ కొస కనిపించదు. రైలు పెట్టె తిన్నగా ఉంటుంది, ప్లాట్‌ఫారం అంచు వంపు. రెండూ పూర్తిగా ఒరుసుకోలేవు. అందుకని కొన్ని తలుపుల దగ్గర పాదం పట్టేంత సందు మిగులుతుంది, ‘సందు చూసుకోండి’ అన్న హెచ్చరిక ప్రతి రైలుకూ వినిపిస్తుంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఖజానాలను తప్పించడానికే ఆ వంపు అనే మాట జనంలో బాగా ప్రచారంలో ఉంది. వీధుల వెంట పోవాలన్న నియమం ఒక్కటే ఆ వంపును వివరించడానికి సరిపోతుందని నా అభిప్రాయం. పడమటి నుంచి పౌల్ట్రీ కిందుగా వచ్చిన మార్గం థ్రెడ్‌నీడిల్ వీధి వైపు తిరగాలి, వీధులు ఎక్కడ తిరిగితే పట్టాలూ అక్కడే తిరగాలి.

ఈ మార్గానికి మొదట్లో మరో చిక్కు వచ్చింది. దాని తొలి ఇంజన్లు సుమారు 44 టన్నుల బరువుండేవి, ఆ అదురు పైన భవనాలకు పాకింది. చీప్‌సైడ్‌లో పటాలు గీసేవారు రైలు పోయినప్పుడల్లా తిన్నని గీత గీయలేకపోతున్నామని ఫిర్యాదు చేశారు. 1901లో ప్రభుత్వం లార్డ్ రేలీ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. పరీక్షల తర్వాత ఇంజన్లను తీసేసి, మోటార్లను పెట్టెల్లోనే అమర్చిన రైళ్ళను 1903 నాటికి నడిపారు. ఈనాడు మెట్రో రైళ్ళన్నీ నడిచే తీరుకు పునాదులు పడ్డ తొలి మార్గాల్లో ఇది ఒకటి. గ్రేట్‌హెడ్ దీన్ని చూడలేదు, 1896లోనే చనిపోయాడు. కార్న్‌హిల్‌లో 1994లో నిలిపిన ఆయన విగ్రహం పీఠాన్ని దగ్గరగా చూస్తే జాలీలు కనిపిస్తాయి. స్టేషన్‌కు గాలి అందించే బావి ఆ పీఠంలో దాగి ఉంది. ఇంతకంటే తగిన స్మారకం నాకు తోచదు.

అలా 1900 ముగిసేసరికి కూడలి కింద మూడు కంపెనీలు, మూడు స్టేషన్లు, వేరువేరు టికెట్ల కిటికీలు. 1913లో సెంట్రల్ లండన్, సిటీ అండ్ సౌత్ లండన్ రెండూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. 1933 జూలైలో లండన్ ప్యాసెంజర్ ట్రాన్స్‌పోర్ట్ బోర్డు ఏర్పడి మిగతా భూగర్భ మార్గాలనూ కలుపుకుంది. ఆ సెప్టెంబరులోనే, సిటీ అండ్ సౌత్ లండన్ మార్గం, అంటే ఈనాటి నార్తర్న్ మార్గం ప్లాట్‌ఫారాల దక్షిణపు కొస నుంచి మాన్యుమెంట్ వరకు ఎస్కలేటర్లు వేసి దారి కలిపారు. వాట్కిన్, ఫోర్బ్స్‌ల వలయమూ గ్రేట్‌హెడ్ సొరంగమూ అలా ఒకటయ్యాయి. అయితే ఆ కలయికకు ఒక వెల ఉంది. బ్యాంక్ నుంచి మాన్యుమెంట్‌కు పోయేవారంతా నార్తర్న్ ప్లాట్‌ఫారం మీదుగానే నడవాలి. రైలు కోసం నిలబడినవారూ, దారిన పోయేవారూ ఒకే ఇరుకు అంచు మీద. ఈ సంగతి గుర్తుంచుకోండి, తొంభై ఏళ్ళ తర్వాతి పనికి మూలం ఇదే.

వాటర్లూ అండ్ సిటీ మాత్రం ఈ కలయికలో చేరలేదు. అది ప్రధాన రైల్వే కంపెనీ ఆస్తిగానే ఉండి, 1948లో రైల్వేల జాతీయీకరణతో బ్రిటిష్ రైల్వేస్‌కు పోయింది. ఒకే స్టేషన్‌లో ఒక మార్గం మరో సంస్థది. చివరికి 1994 ఏప్రిల్‌లో దాన్ని ఒక్క పౌండు నామమాత్రపు ధరకు లండన్ అండర్‌గ్రౌండ్‌కు అప్పగించారు.

1941 జనవరి 11 రాత్రి గురించి చెప్పకుండా ఈ చరిత్ర ముందుకు సాగదు. ఎనిమిది గంటలు కావస్తుండగా ఒక జర్మన్ బాంబు కూడలి మీద పడింది. టికెట్ హాలుకు పైకప్పు వీధే కాబట్టి పైన రక్షణ ఏమీ లేదు. వీధి కూలి హాలులో పడింది, పేలుడు తాకిడి ఎస్కలేటర్ల దారిన ప్లాట్‌ఫారాల దాకా దిగింది. బాంబుల నుంచి కాపాడుకోవడానికి అక్కడికి వచ్చినవారిని ఆ తాకిడి పట్టాల మీదికి విసిరింది, అప్పుడే రైలు లోపలికి వస్తోంది. 50 మందికి పైగా చనిపోయారు. హంగరీ నుంచి శరణార్థిగా వచ్చిన ఒక వైద్యుడు, తానూ గాయపడి ఉండి, ఆ చీకట్లో క్షతగాత్రులకు చికిత్స చేశాడు. పైన ఏర్పడిన గొయ్యి ఎంత పెద్దదంటే రాకపోకలకు దాని మీద తాత్కాలిక వంతెన వేయాల్సి వచ్చింది. భవనం లేని స్టేషన్ అన్నది నలభై ఏళ్ళు తెలివైన ఏర్పాటుగా ఉండి, ఆ ఒక్క రాత్రి ప్రాణాంతకమైంది. మృతుల స్మారక ఫలకం స్టేషన్‌లో ఉంది.

యుద్ధం తర్వాతి దశాబ్దాల గురించి చెప్పవలసింది తక్కువ. చివరి గొయ్యి 1991లో పడింది. తూర్పున పాత ఓడరేవుల స్థలంలో కొత్త వ్యాపార కేంద్రం లేస్తుండగా, డాక్‌లాండ్స్ తేలికరైలు సిటీ అంచున టవర్ గేట్‌వే దగ్గరే ఆగిపోవడం చాలలేదు. దాన్ని భూగర్భంలో బ్యాంక్ వరకు పొడిగించి 1991 జూలైలో తెరిచారు. అప్పటికే కింద అందరూ తవ్వేసి ఉన్నారు కాబట్టి అది అందరికంటే కిందికి, 40 మీటర్లకు మించిన లోతుకు పోవాల్సి వచ్చింది. దాంతో నార్తర్న్ మార్గం కిందకు మరో జనప్రవాహం వచ్చి కలిసింది, ఇరుకు ఇంకా పెరిగింది.

ఈ ముడిని విప్పే పని 2010లలో మొదలై 2023లో ముగిసింది, ఖర్చు సుమారు 70 కోట్ల పౌండ్లు. దాని కీలకాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: దక్షిణానికి పోయే నార్తర్న్ రైళ్ళకు కొత్త సొరంగం, కొత్త ప్లాట్‌ఫారం తవ్వి, పాత ప్లాట్‌ఫారాన్ని నడిచేవారికి వదిలేయాలి. చెప్పినంత తేలిక కాదు. పైన సిటీ భవనాల పునాది స్తంభాలు కొత్త సొరంగానికి అడ్డం వచ్చాయి, వాటి బరువును సొరంగం గోడల మీదికి మార్చుతూ స్తంభాలను కోయాల్సి వచ్చింది. కవచంతో కాక, తవ్విన మట్టి మీద కాంక్రీటు చిమ్మి గోడ నిలబెట్టే పద్ధతి వాడారు. పాత పట్టాలను కొత్త సొరంగానికి కలపడానికి 2022 జనవరి నుంచి మే వరకు 17 వారాలు మూర్‌గేట్, కెన్నింగ్టన్ మధ్య నార్తర్న్ మార్గాన్ని మూసేశారు. మే 16న కొత్త ప్లాట్‌ఫారం తెరిచారు. ఆ ఏడాదిలోనే తేలికరైలుకు కొత్త ఎస్కలేటర్లు, సెంట్రల్ వైపు కదిలే నడక బాటలు, 2023 ఫిబ్రవరిలో కానన్ వీధి వైపు కొత్త ద్వారం వచ్చాయి. చక్రాల కుర్చీలో వచ్చేవారు నార్తర్న్ మార్గం వరకు మెట్లు లేకుండా దిగగలగడం ఇదే మొదలు. సెంట్రల్ ప్లాట్‌ఫారం వంపును మాత్రం ఎవరూ సరిచేయలేదు, సరిచేయడం సాధ్యమూ కాదు.

మీలో ఎవరైనా అక్కడికి వెళ్తే ఒక్కచోట నిలబడి చూడండి. ఉత్తరానికి పోయే నార్తర్న్ ప్లాట్‌ఫారం పక్కనే, దానికి సమాంతరంగా, పొడవైన విశాలమైన నడవా ఒకటి ఉంటుంది. పైకప్పు గొట్టంలా గుండ్రంగా ఉంటుంది. ఆ గుండ్రని రూపమే 1900 ఫిబ్రవరిలో సిటీ అండ్ సౌత్ లండన్ రైళ్ళు తొలిసారి వచ్చి ఆగిన ప్లాట్‌ఫారం సొరంగం. పట్టాల గుంటను పూడ్చి నేల సమం చేశారు. 1933లో రైలు కోసం నిలబడినవారి మధ్య నుంచి తోసుకుంటూ మాన్యుమెంట్‌కు నడిచినవారి దారిలోనే ఇప్పుడు జనం నడుస్తున్నారు, పక్కన రైలు లేకుండా.

నమస్కారం.